తంబుచెట్టి వీధిలో తెలుగు టైపింగ్ షాపు: మా ఊరి రన్‌వే కేసు కాగితాలు ఇక్కడే తయారయ్యాయి

చెన్నైలో కోర్టు కాగితాలకి తెలుగు నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి ట్రాన్స్‌లేషన్ ఎక్కడ బాగా చేస్తారని గ్రూపుల్లో చాలామంది అడుగుతుంటారు కదా, వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. జార్జ్‌టౌన్ ప్యారిస్ కార్నర్ దగ్గర తంబుచెట్టి వీధి, హైకోర్టుకి నడిచి వెళ్ళేంత దూరం, కింద లా పుస్తకాలు అమ్మే షాపు, దాని పక్కన సన్నటి మెట్లు, రెండో అంతస్తు. బోర్డు తమిళంలో ఇంగ్లీషులో పెద్దగా ఉంటుంది, తెలుగు అడుగున చిన్నగా ఉంటుంది. పేరు మాత్రం నెట్‌లో పెట్టొద్దమ్మా, ఉన్నది ముగ్గురమే, ఫోన్లు ఎత్తుకోలేం అన్నారు, అందుకే పెట్టట్లేదు. ఆ వీధిలో తెలుగు టైపింగ్ అని అడిగితే టీ కొట్టాయన కూడా చూపిస్తాడు. నడిపేది ఒక పెద్దాయన, ఆయన కోడలు, ఇంకో కుర్రాడు. వాళ్ళది నాలుగు తరాలుగా జార్జ్‌టౌనే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, యాస మాత్రం పూర్తిగా మద్రాసు తెలుగు.

మేం వెళ్ళింది ఎందుకంటే మా మావయ్య వాళ్ళ ఊరి పక్కన ఎయిర్‌పోర్ట్ ఉంది, దాని రన్‌వే పొడిగిస్తున్నారు. కేసు నడుస్తోంది కాబట్టి ఊరి పేరు, ఎయిర్‌పోర్ట్ పేరు రాయను, ఆంధ్రాలో ఒకటి అనుకోండి. ఢిల్లీలో పర్యావరణ శాఖ దానికి ఈసీ ఇచ్చేసింది, అంటే పర్యావరణ అనుమతి. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలీదు. మావయ్య సెలూన్‌లో కూర్చుని పాత పేపరు తిరగేస్తుంటే ఒక మూల చిన్న ప్రకటన కనపడింది, దాన్ని చింపి జేబులో పెట్టుకుని, గోనె సంచిలో కాగితాలన్నీ వేసుకుని, రాత్రి రైలెక్కి గురువారం పొద్దున్నే పెరంబూర్‌లో మా ఇంటి ముందు నిలబడ్డాడు. "అమ్మడూ, కోర్టు మీ ఊళ్ళోనే ఉందంట కదా" అన్నాడు. నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ సదరన్ బెంచ్ చెన్నైలో ఉంది, చేపాక్కం కలస్ మహల్‌లో. ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక, కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, లక్షద్వీప్, వీటన్నిటి పర్యావరణ కేసులు ఇక్కడికే రావాలి. అంటే శ్రీకాకుళంలో ఒక రైతు తన చెరువు కోసం అప్పీలు వేయాలన్నా అది చెన్నై బెంచ్‌కే రావాలి. ఆన్‌లైన్ ఫైలింగ్ ఉందనుకోండి, కానీ కాగితాలు తయారుచేసేది ఎవరు, ఏది ముఖ్యమో ఏది కాదో చెప్పేది ఎవరు? ట్రిబ్యునల్ పని ఇంగ్లీషులో నడుస్తుంది. మన దగ్గర ఉన్న అడంగల్, పంచాయతీ తీర్మానం, తహసీల్దార్‌కి పెట్టుకున్న అర్జీలు అన్నీ తెలుగు. ఎయిర్‌పోర్ట్ వాళ్ళు ఇచ్చిన ఈఐఏ రిపోర్టు, అంటే ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే అంచనా, మొత్తం ఇంగ్లీషు. ఈ రెండిటి మధ్య మనిషి కావాలి. నా ఆఫీసు ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు హైకోర్టులో క్లర్కుగా చేశారు, ఆయన చెప్పి పంపించిందే ఈ షాపు.

పైకి వెళ్ళగానే పెద్దాయన సంచి వైపు కూడా చూడలేదు. మొదటి ప్రశ్న "ఈసీ తేదీ ఏంది, మీకు తెలిసిన తేదీ ఏంది?" అని. మావయ్య ఊరి కథ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ అదే అడిగారు. పేపరు ముక్క తీసి ఇస్తే, దాని వెనకవైపు తిప్పి కూడా చూశారు, పై అంచున పేపరు తేదీ మిగిలిందా లేదా అని. మిగిలింది, మావయ్య పేజీలో సగం దాకా చింపడం మంచిదైంది. క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టి "ఈరోజు ఇరవై అయిదో రోజు, మంగళవారంతో ముప్పై అయిపోతాయి, మధ్యలో శని ఆదివారాలు పోతాయి" అన్నారు. మా ఇద్దరికీ చేతులు చల్లబడ్డాయి.

ఇది తెలీని వాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే చాలా ఊళ్ళు ఇక్కడే దెబ్బతింటాయి. 2010 నాటి గ్రీన్ ట్రిబ్యునల్ చట్టంలో సెక్షన్ 16 అని ఉంది, ఈసీ మీద అప్పీలు వేయాలంటే ఆ ఆర్డరు మనకి తెలిసేలా ప్రకటించిన రోజు నుంచి 30 రోజులు టైము. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ట్రిబ్యునల్ ఒప్పుకోవచ్చు. ఆ మొత్తం 90 దాటాక ఎంత న్యాయం ఉన్నా అప్పీలు తీసుకునే అధికారమే వాళ్ళకి ఉండదు. అందుకే ఈసీ వచ్చాక ప్రాజెక్టు వాళ్ళు కనీసం రెండు లోకల్ పేపర్లలో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటన వేయాలని రూలు పెట్టారు. రూలు బాగానే ఉంది, కానీ ఆ ప్రకటన పెళ్ళిళ్ళ పందిళ్ళ యాడ్ పక్కన అగ్గిపెట్టె సైజులో వస్తే ఎవరు చూస్తారు చెప్పండి. అప్పీలు ఫీజు మాత్రం నష్టపరిహారం అడగకపోతే 1000 రూపాయలే, అది ఎవరైనా కట్టగలరు. డబ్బుకంటే ముందు టైమే మనకి అడ్డం పడుతుంది.

ఇంక అసలు విషయానికి వస్తా. ఈ షాపుకి నేను ఇంత పెద్ద రివ్యూ రాయడానికి కారణం ఆ కోడలు గారు చేసిన పని.

మావయ్య సంచిలో ప్రజాభిప్రాయ సేకరణ అప్పుడు ఊళ్ళో పంచిన తెలుగు సారాంశం కూడా ఉంది. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం రిపోర్టు సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి, ఇచ్చారు, అందులో తప్పు పట్టడానికి లేదు. ఆవిడ ఇంగ్లీషు రిపోర్టు ఒక పక్క, ఆ తెలుగు సారాంశం ఒక పక్క పెట్టుకుని, పెన్సిల్‌తో లైను లైనూ చదువుకుంటూ వెళ్ళారు. పది నిమిషాలకి ఆగిపోయి "సార్, ఇక్కడ అప్పు ప్రాంతం అని ఉంది, మీ ఊళ్ళో దీన్ని ఏమని అర్థం చేసుకున్నారు?" అని మావయ్యని అడిగారు. మావయ్య, అదేదో బ్యాంకు లోను గొడవమ్మా, ఎయిర్‌పోర్ట్ వాళ్ళు ఎక్కడ అప్పు తెచ్చుకుంటారో రాశారు, మనకెందుకని వదిలేశాం అన్నాడు.

అది బ్యాంకు లోను కాదండీ. ఇంగ్లీషులో ఉన్న మాట బారో ఏరియా. అంటే పల్లంలో పోసి ఎత్తు చేయడానికి మట్టి, గ్రావెల్ తవ్వుకొచ్చే చోటు. ఆ సర్వే నంబర్లు ఊరి పశువులు మేసే మెట్టవి. రన్‌వే పొడిగించే వైపు నేల పల్లం, దాన్ని పాత రన్‌వే లెవెల్‌కి ఎత్తాలి, ఆ మట్టి అంతా ఈ మెట్ట నుంచే. ఎవరో మాటకి మాట పెట్టి బారో అంటే అప్పు అని రాసేశారు, ఊరు ఊరంతా సేకరణ మీటింగులో కూర్చుని మెట్ట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మినిట్స్‌లో ఏముందో తెలుసా, మట్టి తవ్వకంపై ఎలాంటి అభ్యంతరాలూ రాలేదు అని ఉంది. అభ్యంతరం ఎలా వస్తుంది? అర్థమైతే కదా!

ఇంకోటి ట్యాంక్. రిపోర్టులో ట్యాంక్ అంటే చెరువు, ఇది మన సైడు ఇంజినీర్లు అందరూ వాడే మాటే. తెలుగు సారాంశంలో దాన్ని ట్యాంకు అనే ఉంచేశారు. రన్‌వే పొడిగింపు వల్ల ట్యాంకుకి వచ్చే నీటిపై స్వల్ప ప్రభావం అని రాస్తే మావాళ్ళు పంచాయతీ వాటర్ ట్యాంకు అనుకున్నారు, ఊరి మధ్యలో స్తంభాల మీద ఉండేది. రెండు వందల ఎకరాలు తడిపే చెరువు గురించని ఒక్కరికీ తట్టలేదు. మావయ్య ఆ కాగితం ఆవిడ చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదువుకుని, ఏమీ మాట్లాడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆ మీటింగులో మైకు పట్టుకుని ఉద్యోగాలు ఎంతమందికి ఇస్తారని అడిగి వచ్చాడు, చెరువు గురించి అడగలేదు.

2020లో కేంద్రం కొత్త ఈఐఏ డ్రాఫ్ట్ తెచ్చినప్పుడు అది ఇంగ్లీషు హిందీల్లోనే ఉందని ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే, జూన్ 30న కోర్టు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న భాషలన్నిట్లోకి తర్జుమా చేయించమని చెప్పింది. అప్పట్లో ఆ వార్త చదివి మంచి పనే అనుకుని వదిలేశాను. ఇప్పుడు ఈ అప్పు ప్రాంతం చూశాక తెలిసింది, భాషలోకి తేవడం ఒక్కటే చాలదు, ఆ ఊరి మనిషికి తెలిసే మాటలో తేవాలి. ఆ కోడలు గారికి ఇది చదువుతో వచ్చింది కాదు, ఇరవై ఏళ్ళుగా రైతుల కాగితాలు టైప్ చేసి చేసి వచ్చింది.

తర్వాత వాగు సంగతి. ఇంగ్లీషు రిపోర్టులో పొడిగింపు అడ్డంగా పోయే చోట నేచురల్ డ్రెయిన్, సీజనల్ అని రాసి ఉంది, ఒక పేరా కూడా లేదు దాని మీద. దాన్ని మూడు పైపులు వేసి దాటిస్తామన్నారు. ఆవిడ "దీనికి మీ ఊళ్ళో పేరుందా?" అని అడిగారు. ఎందుకు లేదమ్మా, అది వాగు, పై ఊరి చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు దాంట్లోనే వచ్చి మా చెరువులో పడతాయి, అది నిండితేనే మా కింద ఊళ్ళకి అని మావయ్య చేత్తో గాల్లో గీసి చూపించాడు. ఆవిడ వెంటనే రిపోర్టు పక్కన పెట్టి "ఎఫ్‌ఎంబీ తెచ్చారా?" అన్నారు, అంటే పొలాల కొలతల సర్వే మ్యాపు. తెచ్చాడు, అడుగున నాలుగు మడతలు పెట్టి ఉంది. అందులో ఆ సర్వే నంబరు పక్కన వాగు పోరంబోకు అని స్పష్టంగా ఉంది. ప్రభుత్వం తన రికార్డులో వాగు అని రాసుకున్నదాన్ని ప్రాజెక్టు వాళ్ళ రిపోర్టు వానాకాలపు డ్రెయిన్ అంటోంది. ఆ రెండు పేజీలూ ఎదురెదురుగా వచ్చేలా పెట్టమని కుర్రాడికి చెప్పారు. మా లాయర్ గారు తర్వాత చూసి, మొత్తం అప్పీలుకి ఇదే వెన్నెముక అన్నారు. బెంచ్‌లో జడ్జితో పాటు ఎక్స్‌పర్ట్ మెంబర్ కూడా ఉంటారంట, మ్యాపు చదవగలిగిన మనిషి ముందు మ్యాపే మాట్లాడాలంట.

పెద్దాయన దగ్గర ఇంకో అలవాటు ఉంది, ఏ రకం కేసుకి ఏ జడ్జిమెంట్ జనం ఎక్కువగా జిరాక్స్ తీయించుకుంటారో ఒక ఫైలు పెట్టుకున్నారు. ఎయిర్‌పోర్ట్ అనగానే గోవా మోపాది తీసి మావయ్య ముందు పెట్టారు. మోపా ఎయిర్‌పోర్ట్‌కి 2015లో ఈసీ ఇచ్చారు, గ్రీన్ ట్రిబ్యునల్ కూడా దాన్ని సమర్థించింది, హనుమాన్ లక్ష్మణ్ అరోస్కర్ అనే ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2019 మార్చి 29న సుప్రీంకోర్టు ఆ ఈసీని సస్పెండ్ చేసింది, కారణం ఏంటంటే మొదట్లో ఇచ్చే ఫారం 1లో చుట్టుపక్కల అడవులు, పర్యావరణం పరంగా సున్నితమైన ప్రాంతాల గురించి పూర్తి నిజాలు చెప్పలేదు, ఈసీ ఇచ్చే ముందు పరిశీలించే ఎక్స్‌పర్ట్ కమిటీ కూడా వాటిని సరిగ్గా చూడకుండా ముందుకు పోయింది అని. నేను ఆ రాత్రి మావయ్యకి పేజీ పేజీ చదివి తెలుగులో చెప్పాను. వాగుని డ్రెయిన్ అనడం దీని కిందకే వస్తుందా అని అడిగాడు. వస్తుందనే నాకు అనిపించింది, లాయర్ గారూ అదే అన్నారు.

కానీ పెద్దాయన నిజాయితీగా రెండో సగం కూడా చెప్పారు, అది నాకు నచ్చింది. అదే సుప్రీంకోర్టు 2020 జనవరి 16న, కమిటీ మళ్ళీ పరిశీలించి ఎక్కువ షరతులు పెట్టాక, ఆ సస్పెన్షన్ ఎత్తేసింది. 2022 డిసెంబర్‌లో ఆ ఎయిర్‌పోర్ట్ ప్రారంభం కూడా అయిపోయింది. "కేసేస్తే ఎయిర్‌పోర్ట్ ఆగిపోద్దని అనుకోవద్దండీ, షరతులు గట్టిగా రాయించుకోవచ్చు, ఆ వాగుకి దారి ఇప్పించుకోవచ్చు" అన్నారు మావయ్యతో. డబ్బులు తీసుకునే మనిషి ఈ మాట చెప్పక్కర్లేదు, అయినా చెప్పారు.

ఆ రాత్రి మావయ్యకి నిద్ర పట్టలేదు, ప్రపంచంలో ఎక్కడైనా గెలిచారా చూడు అన్నాడు. చూశాను. లండన్ హీత్రో మూడో రన్‌వే మీద ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ లాంటి వాళ్ళు వేసిన కేసులో 2020 ఫిబ్రవరి 27న అప్పీల్ కోర్టు, ప్యారిస్ వాతావరణ ఒప్పందాన్ని ప్రభుత్వం లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ రన్‌వేకి ఒప్పుకున్న ప్రభుత్వ పాలసీ చెల్లదు అంది. అదే ఏడాది డిసెంబర్ 16న వాళ్ళ సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. వియన్నా మూడో రన్‌వేకి 2017 ఫిబ్రవరిలో కోర్టు కార్బన్ పెరుగుతుందని అనుమతి ఇవ్వనంది, అదే ఏడాది జూన్‌లో రాజ్యాంగ కోర్టు దాన్ని రద్దు చేసింది. ఈ రెండూ విని మావయ్య దిగులుగా చూశాడు. ఫ్రాంక్‌ఫర్ట్ గురించి చదివాకే లేచి కూర్చున్నాడు. అక్కడ 2011 అక్టోబర్‌లో కొత్త రన్‌వే తెరిచారు, రన్‌వే ఆగలేదు, కానీ రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు షెడ్యూల్ ఫ్లైట్లు నడపకూడదని 2012 ఏప్రిల్‌లో లైప్‌జిగ్‌లోని పెద్ద కోర్టు ఖాయం చేసింది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకి ఆరు గంటల నిద్ర దక్కింది. జపాన్ ఒసాకాలో 1981లో సుప్రీంకోర్టు రాత్రి విమానాలు ఆపమనే కోరికని తోసిపుచ్చినా, అప్పటిదాకా పడ్డ బాధకి మాత్రం నష్టపరిహారం ఇప్పించింది. మావయ్య ఇవన్నీ విని, అయితే మనం ఏం అడగాలో సరిగ్గా అడగాలి అన్నాడు. మర్నాడు లాయర్ గారికి చెప్పి కోరికల లిస్టులో వాగు మీద పైపులు కాదు, పూర్తి వెడల్పుకి కల్వర్టు, మళ్ళీ కొత్తగా నీటి ప్రవాహం మీద స్టడీ, మెట్ట మట్టి మీద మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ, ఈ మూడూ విడివిడిగా పెట్టించాడు.

పైపులు అన్నప్పుడల్లా నాకు మన చెన్నై ఎయిర్‌పోర్టే గుర్తొస్తుంది. ఇక్కడ రెండో రన్‌వే అడయార్ నది మీదుగా పోతుంది, నది కింద నుంచి పారేలా వంతెన కట్టి దాని మీద రన్‌వే వేశారు. 2015 డిసెంబర్‌లో నది పొంగినప్పుడు ఎయిర్‌పోర్ట్ మొత్తం నీళ్ళలో మునిగి కొన్ని రోజులు మూతపడింది. అప్పుడు నేను మణపాక్కంలో హాస్టల్‌లో ఉన్నా, మొదటి అంతస్తు మెట్ల దాకా వచ్చిన నీళ్ళు కళ్ళతో చూశా, రెండు రోజులు బ్రెడ్డు బిస్కెట్ల మీద బతికాం. వంతెన ఉన్న చోటే నీళ్ళు అలా వస్తే మూడు పైపులతో వాగు దాటిస్తామంటే నమ్మేదెలా? పైగా పొడిగింపు అంటే రన్‌వే ఆగిన చోటే కట్ట ఆగదు. దాని చివర ఇంకో అరవై మీటర్ల స్ట్రిప్పు, దాని తర్వాత విమానం జారిపోతే ఆగడానికి సేఫ్టీ ఏరియా, అంతర్జాతీయంగా సిఫారసు చేసేది 240 మీటర్లు. అదంతా చదును చేసి ఉండాలి. మ్యాపులో గీత ఆగిన చోటు చూసుకుని వాగు అవతలే కదా అనుకుంటే తప్పు, ఈ ముక్క నాకు ఆ రిపోర్టు జిరాక్స్ తీయిస్తూ చదివితేనే తెలిసింది.

శుక్ర, శనివారాలు ట్రాన్స్‌లేషన్, టైపింగ్. ఆదివారం షాపు సెలవు, అయినా మా కోసం తెరిచారు. టైప్డ్ సెట్, అంటే అప్పీలుతో పాటు ఇచ్చే కాగితాల కట్ట, ఎలా తయారవుతుందో ఆ రోజు దగ్గర కూర్చుని చూశా. ముందు ఇండెక్సు, ప్రతి కాగితానికీ తేదీ, వివరం, పేజీ నంబరు. తర్వాత తేదీల వరుస, ఏ రోజు ఏం జరిగిందో. దాని వెనక ఈసీ కాపీ, రిపోర్టులో కావాల్సిన పేజీలు, ఎఫ్‌ఎంబీ, అడంగల్, తెలుగు కాగితం ఉంటే దాని పక్కనే ఇంగ్లీషు. కుర్రాడు నంబరింగ్ మిషన్‌తో టక్ టక్ మని పేజీలకి నంబర్లు కొడుతుంటే మావయ్య పక్కన కూర్చుని ఒక్కో పేజీ తిప్పి ఇచ్చాడు. రెస్పాండెంట్లు, అంటే అవతలి పక్షం వాళ్ళు, ఎంతమంది ఉంటే అన్ని సెట్లు, పైన ట్రిబ్యునల్‌కి, లాయర్‌కి, మనకి. మధ్యాహ్నం కోడలు గారు ఇంటి నుంచి పులిహోర, అప్పడాలు తెప్పించారు, అందరం నేల మీద పేపరు పరుచుకుని తిన్నాం.

అంతా బాగుందని రాయను. తప్పు జరిగింది. అడంగల్ ఇంగ్లీషు కాపీలో ఒక సర్వే నంబరు 143 బదులు 148 అని పడింది. అది మావయ్య కంటపడబట్టి సరిపోయింది, లేకపోతే వాగు ఒక చోట, మన కాగితం ఇంకో చోట అయ్యేది, అవతలి వాళ్ళు దాన్నే పట్టుకుని లాగేవాళ్ళు. చెప్పగానే వాళ్ళు వాదించలేదు, ఆ పేజీ అన్ని సెట్లలోనూ మార్చారు, డబ్బులు అడగలేదు. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి పూర్తవ్వాల్సింది పదకొండున్నర అయింది. కాబట్టి ఎంత మంచి షాపైనా సరే, సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, తేదీలు మీరే వేలు పెట్టి చదువుకోండి, ఊరి మనిషిని పక్కన కూర్చోబెట్టి చదివించండి.

ఇంకో ఇబ్బంది, తెలుగు ఇంకా అను ఫాంట్స్‌లోనే కొడతారు. ప్రింటు ముత్యాల్లా ఉంటుంది కానీ ఆ ఫైలు మన ఫోన్‌లో తెరిస్తే గజిబిజి. ఊళ్ళో వాట్సాప్‌లో పంపాలంటే యూనికోడ్‌లో కావాలి, ముందే అడగాలి, అడిగితే చేస్తారు, కాస్త గొణుగుతారు. పీడీఎఫ్ అయితే ఏ గొడవా లేదు. చోటు బాగా ఇరుకు, ఫ్యాన్ ఒకటే, కరెంటు పోతే మెట్ల మీద టార్చ్ వేసుకోవాలి. లేడీస్‌కి టాయిలెట్ ఆ అంతస్తులో లేదు, కింద బుక్ షాపు వాళ్ళని అడగాలి. యూపీఐ ఉంది.

రేట్లు మేం ఇచ్చినవి చెప్తా. ట్రాన్స్‌లేషన్ పేజీకి 250, టైపింగ్ పేజీకి 40, జిరాక్స్ రూపాయి, బైండింగ్ వేరే. మొత్తం మాకు పదకొండు వేల చిల్లర అయింది. ఆదివారం పనికి ఎక్స్‌ట్రా ఇస్తామంటే పెద్దాయన తీసుకోలేదు, కుర్రాడికి ఇవ్వండి అన్నారు. ఇంతకుముందు మావయ్య వాళ్ళ ఊరి కుర్రాళ్ళు ఆన్‌లైన్‌లో ఒక సర్వీసుకి ఆరు వేలు కట్టి ఇదే రిపోర్టు తెలుగు చేయించారంట, అందులో విమానాలు నిలిపే ఏప్రాన్‌ని కూడా వంటప్పుడు కట్టుకునే గుడ్డ అని రాశారు. కంప్యూటర్‌లో వేసి తీసి ఇచ్చేశారు, మనిషి చదివినట్టే లేదు. ఆ డబ్బులు పోయాయి, అంతకంటే రెండు వారాల టైము పోయింది. సరిగ్గా చేసిన పేజీకి 250 నాకైతే ఎక్కువ అనిపించలేదు.

సోమవారం, ఇరవై తొమ్మిదో రోజు, పొద్దున పదిన్నరకల్లా చేపాక్కంలో ఉన్నాం. కలస్ మహల్ పాత నవాబుల కోట, ఎర్రటి గోడలు, ఎదురుగా రోడ్డు దాటితే మెరీనా. మావయ్య సెట్లు మోసే సంచి ఎవరికీ ఇవ్వలేదు, తనే భుజాన వేసుకున్నాడు. లాయర్ గారి జూనియర్ లోపలికి వెళ్ళి ఫైల్ చేసి డైరీ నంబరు చీటీ తెచ్చి ఇస్తే, మావయ్య దాన్ని పేపరు ముక్క పెట్టుకున్న అదే జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అవతలి వాళ్ళకి నోటీసులు వెళ్ళాయి, ఇప్పుడు జవాబు కోసం చూస్తున్నాం, ఇంకా చాలా దూరం ఉంది.

ఈలోపు ఆ కోడలు గారు ఇంకో సాయం చేశారు. రిపోర్టులో ముఖ్యమైన నలభై పేజీలు మళ్ళీ కొత్తగా తెలుగు చేసి ఇచ్చారు, చెరువుని చెరువు అని, వాగుని వాగు అని, మట్టి తవ్వే చోటుని మట్టి తవ్వే చోటు అని. పేజీకి వందే తీసుకున్నారు. దాన్ని మావయ్య ఊళ్ళో పాల కేంద్రం దగ్గర ఉంచాడు, పాలు పోసి వచ్చేవాళ్ళు నిలబడి చదువుతున్నారంట. మెట్ట సంగతి తెలిశాక గొర్రెలు కాసే వాళ్ళు ఇరవై మంది వేలిముద్రలతో కొత్త అర్జీ పెట్టారు, అది కూడా ఇంగ్లీషు చేయించమని పోయిన వారం కొరియర్ వచ్చింది, రేపు ఇచ్చి రావాలి.

వెళ్ళేవాళ్ళకి చివరగా: పదకొండు లోపల వెళ్ళండి, తర్వాత హైకోర్టు గుమాస్తాలు వచ్చేస్తే మీ వంతు మధ్యాహ్నానికే. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కింద బుక్ షాపులో కూర్చోబెడితే వాళ్ళేమీ అనరు. ఒరిజినల్స్ ఇచ్చి రాకండి, అక్కడే జిరాక్స్ తీయించి వెనక్కి తెచ్చుకోండి. ఈసీ ప్రకటన వచ్చిన పేపరు దొరికితే ముక్క చింపకండి, తేదీ ఉన్న పేజీ మొత్తం తీసుకెళ్ళండి. నా లెక్కలో 5కి 4.5, ఆ అర తగ్గించింది 148 అని పడ్డ ఆ నంబరు కోసం.